నాన్నగారు సంతకం పెట్టిన మాట

ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికినదాన్ని నేను. ఒకేలా కనిపించే రెండు ఇంగ్లీషు మాటలకు తేడా ఏమిటని పిల్లలు అడిగినప్పుడల్లా లోపల ఎక్కడో చిన్న దడ. జవాబు తెలియక కాదు. తొమ్మిదో తరగతి అయిన వేసవిలో, ఆ తేడా బాగా తెలిసే, ఒక పని చేశాను. తెలియక తప్పు చేసినవాళ్లను తొందరగానే క్షమిస్తాను. తెలిసి చేసినవాళ్ల దగ్గరే నాకు ఓపిక తక్కువ. ఆ లెక్కన నా మీద నాకు ఇప్పటికీ ఓపిక లేదు.

మాది సఖినేటిపల్లి రేవుకు నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్న ఊరు. నాన్నగారు మా హైస్కూల్లోనే తెలుగు పండితులు. వేదం చదువుకున్న ఇంట పుట్టారు కాబట్టి ఉచ్చారణ పట్టింపు ఉండడం వింత కాదు గానీ, ఆయనకు అంతకు మించిన పట్టింపు ఇంకొకటి ఉండేది. ఎవరైనా దయ అనాల్సిన చోట జాలి అంటే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టేవారు. "జాలి కూర్చుని కూడా పడొచ్చమ్మా. దయ చూపించాలంటే కుర్చీలోంచి లేవాలి" అనేవారు. క్లాసులో ఏ మాటకైనా అర్థం చెప్పగానే సరిపోయేది కాదు, సాక్షి కావాలి. ఆ మాటకు తగినట్టు ప్రవర్తించిన మనిషినో, జరిగిన సంగతినో మన ఊళ్లోంచే చూపించాలి. సాక్షి దొరకని మాట మా నోటుపుస్తకాల్లోకి ఎక్కేది కాదు. అంత పట్టింపున్న మనిషికి ఇంగ్లీషు అక్షరాలు మాత్రం రావు, బస్సు మీద బోర్డు కూడా ఆకారం చూసి పోల్చుకునేవారు.

మా ఇంగ్లీషు టీచరుగారిది చర్చి వెనక వీధి. వాళ్ల తాతగారు పాలేరుగా ఉంటూ మిషన్ బళ్లో అక్షరాలు దిద్దుకున్నారట. ఆవిడ జిల్లా అంతటికీ పేరున్న ఇంగ్లీషు టీచరు. ఒకే అర్థం ఉన్న రెండు మాటలు ఏ భాషలోనూ ఉండవని ఆవిడ నమ్మకం. "ఒకదాని బదులు రెండోది పెట్టి చూడండర్రా. ఎవరికి కోపం వస్తుందో కనిపెట్టండి. తేడా అక్కడుంటుంది" అనేవారు. లీవు లెటర్లో రిక్వెస్ట్ తీసేసి డిమాండ్ పెడితే హెడ్మాస్టరుగారికి కోపం వస్తుంది. వంటింట్లో స్మెల్ అనాల్సిన చోట స్టింక్ అంటే అమ్మకు వస్తుంది. ఈ పద్ధతి విని నాన్నగారు ఎంత మురిసిపోయారంటే, వరండాలో ఆవిడను ఆపి, "అమ్మా, మీదీ నాదీ ఒకటే వ్యాపారమండీ, సరుకే వేరు" అన్నారు. ఆ ఇద్దరి మధ్య పెరిగిన దాన్ని కాబట్టి మాట మార్చితే ఏం జరుగుతుందో నాకు తెలియదని అనడానికి వీల్లేదు.

ఆ ఏడు మార్చి నెల వచ్చినా గోదావరి మీద మంచు వదల్లేదు. మా స్కూలు పదో తరగతి పరీక్షలకు సెంటరు. అవతలి లంక నుంచి తొమ్మిదిమంది పిల్లలు నావ మీద రావాలి. లెక్కల పరీక్ష రోజున మంచు కమ్మేసి, ఏ వైపు ఒడ్డో తెలియక, నావవాడు లంక దగ్గరే ఆగిపోయాడు. తొమ్మిదింటికి పరీక్ష. తొమ్మిదిన్నర దాటితే ఎవరినీ లోపలికి పంపకూడదని రూలు. గేటు దగ్గర హాల్ టిక్కెట్లు చూసే పని నాన్నగారిది. ఆ తొమ్మిదిమందీ మోకాళ్ల దాకా బురదతో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పది గంటలకు పది నిమిషాలు తక్కువ. నాన్నగారు గేటు తీశారు. తీసి, రిజిస్టరులో ఒక్కొక్కరి పేరు పక్కనా వాళ్లు వచ్చిన అసలు వేళ వేశారు. తొమ్మిదీ ఇరవై ఎనిమిది అని వేసుంటే ఈ కథే లేదు. ఆ సంగతి తరవాత ఆయనతో అనని మనిషి లేడు. "గేటు తీసింది పిల్లల కోసం. అబద్ధం ఎవరి కోసం వెయ్యాలండీ?" అని ఆయన అందర్నీ ఎదురడిగేవారు.

జిల్లా ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినాయన ఆ రిజిస్టరు చూశాడు. వేసవి సెలవుల్లో మెమో వచ్చింది. ఆ రోజుల్లో మేష్టర్లకు మెమో అంటే జ్వరం వచ్చినంత పని. మెమో ఇంగ్లీషులో వచ్చేది, దానికి ఎక్స్‌ప్లనేషన్ కూడా ఇంగ్లీషులోనే ఇవ్వాలి. తెలుగు పండితులూ, డ్రాయింగు మేష్టర్లూ, డ్రిల్లు మేష్టర్లూ ఎవరో ఒకరి చేత రాయించుకుని, చదవలేని కాగితం కింద సంతకం పెట్టేవారు. ఎవరికీ అందులో తప్పు కనిపించేది కాదు. మా హెడ్మాస్టరుగారు నర్సాపురం మనిషి, నెమ్మదస్తుడు. తనే ఒక డ్రాఫ్టు రాసిచ్చి, "ఫెయిరు చేయించి సంతకం పెట్టి తెండి పంతులుగారూ. ఇది పంపితే ఇక్కడితో పోతుంది. లేపోతే ఏజెన్సీకి వేసేస్తారు" అన్నారు.

ఇంగ్లీషు టీచరుగారు సెలవులకు కాకినాడలో అక్కగారింటికి వెళ్లారు. కాబట్టి ఆ డ్రాఫ్టు నా దగ్గరికి వచ్చింది. నా దస్తూరి బాగుంటుందని ఊళ్లో పేరు.

నాన్నగారు అరుగు మీద నా ఎదురుగా కూర్చుని, "ఒక్కొక్క మాటకీ అర్థం చెప్పు. తెలియని మాట కింద నేను సంతకం పెట్టను" అన్నారు. చెప్పుకుంటూ వచ్చాను. మూడో లైన్లో అపాలజైజ్ అని ఉంది. క్షమాపణ అడుగుతున్నాను అన్నాను.

"దేనికి?"

"పిల్లల్ని పంపించినందుకు."

ఆయన చాలా మామూలుగా, పాఠం చెప్పినట్టే చెప్పారు. "రూలు తప్పింది, అందుకు విచారిస్తున్నాను. అది నిజం. క్షమాపణ అడగాలంటే తప్పు చేసేనని లోపల అనిపించాలి కదమ్మా. రేపు ఆ పిల్లలు మళ్లీ అలా వస్తే మళ్లీ గేటు తీస్తాను. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేరే మాటలున్నాయా?"

"ఉన్నాయండి. విచారానికి రిగ్రెట్ అంటారు."

"అయితే అది రాయి. వేరే మాటలున్న భాషే. వాళ్లకీ అర్థమవుతుంది."

నాకు ఏజెన్సీ అన్న మాటే వినబడుతోంది. అమ్మకు ఉబ్బసం. అప్పట్లో రంపచోడవరం కొండల వైపు బదిలీ వేశారంటే చలిజ్వరం ఖాయమని అందరూ అనేవారు. పోయిన ఏడు అక్కడికి వేసిన సైన్సు మేష్టారు మనిషి సగమై తిరిగొచ్చారు. లోపలికి వెళ్తే అమ్మ పొయ్యి దగ్గర ఊదుగొట్టం పక్కన పెట్టి, "పంపించేస్తారా మనల్ని?" అని అడిగింది. ఆ రెండు మాటలకే ఆయాసపడింది. అమ్మ నన్ను ఏమీ చెయ్యమనలేదు. చేసింది నేనే.

కార్బన్ పెట్టి రెండు కాపీలు రాశాను. హెడ్మాస్టరుగారి డ్రాఫ్టులోని రెండు వాక్యాలు కిందా మీదా చేశాను, కొత్తగా కనబడాలని. మూడో లైన్లో మాట మాత్రం కదపలేదు. అపాలజైజ్ అలాగే ఉంది. తరవాత అరుగు మీదికి తెచ్చి నాన్నగారికి చదివి వినిపించాను. ఆ మాట దగ్గరికి రాగానే రిగ్రెట్ అని చదివాను.

"అదెక్కడుంది, చూపించు" అన్నారు.

వేలు పెట్టి చూపించాను. ఆయన వంగి చూసి, "పొడుగ్గానే ఉందే" అన్నారు. నేను నవ్వాను. ఆ అబద్ధం కన్నా ఆ నవ్వు గుర్తొస్తేనే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన తెలుగులో, గుండ్రంగా, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టారు. ఆఫీసు కాపీ మడిచి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నారు.

స్కూళ్లు తెరిచేసరికి మెమో సంగతి ముగిసిపోయింది. ఏజెన్సీ లేదు, ఏమీ లేదు. ఆ తొమ్మిదిమందిలో ఇద్దరు ఆ లెక్కల పరీక్షే తప్పారు గానీ, దానికి నాన్నగారిని ఎవరూ ఎక్స్‌ప్లనేషన్ అడగలేదు. అక్కడితో నేను కూడా మర్చిపోయేదాన్నేమో. కానీ నాన్నగారు మర్చిపోనివ్వలేదు. "నేను విచారిస్తున్నానని మాత్రమే రాసేను. క్షమాపణ అడగలేదు. అయినా ఒప్పుకున్నారు. సరైన చోట సరైన మాట పడితే ఆఫీసువాళ్లయినా వింటారు" అని ఊరంతా చెప్పుకున్నారు. పదో తరగతిలో నేను మూడో బెంచీలో కూర్చుని ఉండగా మాట విలువ గురించి పాఠం చెబుతూ ఆ ఉత్తరాన్నే సాక్షిగా తెచ్చారు. పిల్లలంతా నా వైపు గర్వంగా చూశారు, రాసింది నేనే కదా అని. నేను పెన్ను కింద పడిందన్నట్టు బెంచీ కిందికి వంగాను. స్టాఫురూములో సాక్షాత్తూ హెడ్మాస్టరుగారి ముందు కూడా ఈ మాట అన్నారట. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆయ్, అంతేనండీ పంతులుగారూ" అన్నారట. నాన్నగారు ఇంటికొచ్చి అది కూడా సంతోషంగా చెప్పారు.

నేను అమలాపురంలో కాలేజీ చదువు, తరవాత బీయీడీ పూర్తిచేసి, రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టేసరికి ఎనభైలు వచ్చేశాయి. రోజూ బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. నాన్నగారు రిటైరయ్యారు. రిటైరైన వారానికే ఒక లాంగ్ నోటుబుక్కు కొని నా ముందు పెట్టి, "నాకు ఇంగ్లీషు చెప్పమ్మా" అన్నారు. "అ ఆలు నేను దిద్దుకుంటాను. నువ్వు రోజుకి రెండు మాటలు చెప్పు. కవలపిల్లల్లాంటివి."

అలా మొదలైంది. నేను స్కూలు నుంచి రాగానే కాఫీ, దాంతోపాటు రెండు మాటలు. ఆయన పద్ధతి ఏమీ మారలేదు, సాక్షి ఉండాల్సిందే. వెయిట్ చెయ్యడానికీ, ఎక్స్‌పెక్ట్ చెయ్యడానికీ సాక్షి సఖినేటిపల్లి రేవు. గట్టు మీద జనం చేసేది మొదటిది. జనాన్ని ఏరు దాటించడానికి పదింటికి రావాల్సిన పంటు రెండోది, వస్తుందో రాదో దాని ఇష్టం. చూడ్డానికి ఇంగ్లీషులో మూడు మాటలున్నాయంటే, పాలు పొంగుతాయని అమ్మ పొయ్యి ముందు నిలబడ్డమే వాచ్ అని ఇట్టే పట్టేశారు. అలోన్, లోన్లీ చెప్పిన రోజున చాలాసేపు ఆలోచించి, "అరుగు మీద నేను అలోన్. ఇంట్లో అందరూ ఉండగా వంటింట్లో మీ అమ్మ లోన్లీ" అన్నారు. ఆ మర్నాటి నుంచి కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గడప మీద కూర్చోవడం మొదలుపెట్టారు. నా క్లాసులో ముప్ఫైమంది పిల్లలకు ఏడాదంతా చెప్పినా ఎక్కనిది ఆయనకు ఒక్క సాయంత్రంలో ఎక్కేది. నాకు గర్వంగా ఉండేది, భయంగానూ ఉండేది. ఏ రోజు ఏ జంట చెప్పాలో నేనే ఎంచేదాన్ని కాబట్టి ఒక జంటను మాత్రం దగ్గరకు రానివ్వకుండా తప్పించుకు తిరిగాను.

రెండో ఏడు నడుస్తుండగా, ఒక ఆదివారం, ఆయన ట్రంకుపెట్టె తీసి ఒక మడత కాగితం తెచ్చుకున్నారు. చూడగానే గుర్తుపట్టాను. కార్బన్ సిరా మసకబారింది గానీ నా దస్తూరి నాకు తెలియదా.

"ఇవాళ పాఠం వద్దు. నా ఇంగ్లీషు ఉత్తరం నేనే చదువుకుంటాను" అన్నారు.

 వేలు లైను కింద జరుపుకుంటూ, పైకే, ఒక్కొక్క మాటా కూడుకుని చదువుతున్నారు. అర్థమైన ప్రతి మాటకీ తల ఎత్తి నన్ను చూసి నవ్వుతున్నారు. మొదటి లైను అయింది. రెండోది అయింది. మూడో లైన్లో వేలు ఆగింది.

"ఇది ఆర్‌తో మొదలవాలి కదమ్మా" అన్నారు.

 ఆయన మళ్లీ మొదటి అక్షరం నుంచి కూడుకున్నారు. ఈసారి పూర్తిగా చదివారు. ఆ మాట నేను ఆయనకు ఎప్పుడూ నేర్పలేదు, అయినా హెడ్మాస్టరుగారి డ్రాఫ్టు చదివి వినిపించిన రోజున విన్నారు కదా, మర్చిపోలేదు.

"మీ అమ్మ కోసమా?"

"అవునండి. నా కోసం కూడా. నాకు భయమేసింది."

"భయమేసి రాసేవు. సరే, చిన్నపిల్లవి. కానీ నాకు చదివి వినిపించేవు చూడూ..." అని ఆగిపోయారు. మాట కోసం వెతికారు. నా ఎరుకలో ఆయనకు మాట దొరక్కపోవడం అదే మొదలు. నేను ఏడుస్తూ క్షమించమన్నాను. ఆయన ఉత్తరం చివరిదాకా చదివి, మడిచి, పెట్టెలో పెట్టేశారు. ఆ రోజు కాఫీ కూడా తాగలేదు.

ఆయనను ఎక్కువ బాధపెట్టింది ఏమిటో రెండు రోజుల తరవాత తెలిసింది. "ఆ హెడ్మాస్టరుగారి ముందు ఎన్నిసార్లు బడాయి కొట్టుకున్నానే! ఆ కాగితం చదివే పైకి పంపించిన మనిషి ముందు!" అన్నారు. సిగ్గుతో ఆయన మొహం ఎర్రబడింది. తన నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, నన్ను ఒక్క మాట అడక్కుండా, ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసుకున్నారు. మర్నాడు నన్ను తోడు తీసుకుని రేవు దాటి నర్సాపురం వెళ్లారు. పంటు మీద అంతసేపూ నా వైపు చూడలేదు, కాగితం జేబులో ఉందో లేదో తడుముకుంటూ కూర్చున్నారు.

హెడ్మాస్టరుగారు కూడా రిటైరై వాళ్లింట్లో పడక్కుర్చీలో ఉన్నారు. నాన్నగారు నిలబడే కాగితం ఇచ్చారు. నేనూ పక్కనుంచి చదివాను. బడాయి మాటలకు అపాలజైజ్ చేస్తున్నానని మొదటి రెండు లైన్లు. గేటు తీసినందుకు, ఇప్పుడు ఆలోచిస్తే, రిగ్రెట్ కూడా లేదని తరవాతి రెండు. స్పెల్లింగులు రెండు తప్పు. హెడ్మాస్టరుగారు అలవాటు కొద్దీ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, మళ్లీ లోపల పెట్టేసుకున్నారు.

"నాకు అప్పుడే తెలుసునండీ పంతులుగారూ. అమ్మాయి దస్తూరి కదా. చెబుదామనే అనుకున్నాను. కానీ ఆ పిల్లలకి గేటు తీసింది మీరు, నేను కాదు. నేనయితే తీసేవాణ్ని కాదండీ. మీరు అంత సంతోషంగా చెప్పుకుంటుంటే, నాకేం హక్కుందని ఊరుకున్నాను" అన్నారు.

నాన్నగారు అప్పుడు కూర్చున్నారు. ఇద్దరూ మజ్జిగ తాగారు. తిరుగుప్రయాణంలో పంటు మీద నాతో ఒకే మాట అన్నారు. "పాఠాలు ఆపకు."

ఆపలేదు. కానీ ఒకటి మారింది. నోటుబుక్కు పక్కన డిక్షనరీ చేరింది. నేను ఏ మాటకు అర్థం చెప్పినా, "ఊఁ" అని విని, నా ఎదురుగానే డిక్షనరీ తిప్పి సరిచూసుకుని, అప్పుడు రాసుకునేవారు. కోపంతో కాదు. ఒక్కసారి కూడా దెప్పలేదు. అసలు దెప్పితేనే నాకు హాయిగా ఉండేదేమో. పేజీలు తిరిగే ఆ చప్పుడు రోజూ వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయం. అలా ఏడాది పైనే గడిచింది.

ఆ మధ్యలోనే ఒకసారి బిలీవ్, ట్రస్ట్ అన్న జంట వచ్చింది. నేను ఎంచలేదు, ఆయనకే డిక్షనరీలో తగిలింది. "మనకి రెంటికీ నమ్మడమే కదమ్మా?" అన్నారు. చెప్పిన మాట నిజమనుకోవడం మొదటిది, మనిషికి మనల్ని మనం అప్పజెప్పడం రెండోది అని చెప్పాను. డిక్షనరీ చూసుకున్నారు. మొదటిదానికి సాక్షిగా ఏదో రాసుకున్నారు. రెండోదాని ఎదుట గడి ఖాళీగా వదిలేశారు. "సాక్షి దొరికేక చూద్దాం" అన్నారు. ఎందుకు దొరకలేదో నేను అడగలేదు.

పెన్షను తీసుకునేవాళ్లు ఏటా ఒక కాగితం ఇవ్వాలి, ఇంకా బతికే ఉన్నామని. ఆ నవంబరులో ఆ ఫారం వచ్చింది. అంతా ఇంగ్లీషు. అప్పటికి ఆయన ఇలాంటివి స్వయంగా చదవగలరు, నింపగలరు కూడా. నేను స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఆ ఫారం తెచ్చి బల్ల మీద పరిచారు. గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. నా చేతి సంచిలోంచి పెన్ను తీసుకుని, అడుగున, తెలుగులో, గుండ్రంగా, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టారు. పెట్టి, ఫారం నా వైపు జరిపారు.

"పైవన్నీ నువ్వు నింపమ్మా."

"అదేంటి నాన్నగారూ! చదవలేదు, నింపలేదు, ముందే సంతకమా? చదువుకోండి. డిక్షనరీ తెమ్మంటారా?"

"నువ్వు చెప్పే అర్థాలకి డిక్షనరీ చూస్తాను. అది మానను" అన్నారు. "ఇది ఆ మాట కాదు కదా, రెండోది."

నోటుబుక్కు తెచ్చి ట్రస్ట్ ఎదుట ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న గడి వెతుక్కుని, అందులో ఆ రోజు తేదీ వేసుకున్నారు. నేను ఫారం నింపడం మొదలుపెట్టాను. కళ్లు మసకలుగా ఉన్నా ప్రతి గడీ పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పి, అప్పుడే రాశాను. ఒక్కటి కూడా వదల్లేదు. తల ఎత్తి చూస్తే ఆయన అక్కడ లేరు. గ్లాసు పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుని, కాఫీలో పంచదార తక్కువైందని అమ్మతో చెబుతున్నారు.